సీట్ల లెక్క, పక్కవీధి పగ: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు కొత్త స్టేడియాల వెంట ఎందుకు పడుతున్నాయి?

సంక్షిప్తంగా: ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులు ఒకదాని వెనక ఒకటి కొత్త స్టేడియం మాట ఎత్తుతున్నాయి. పాత గ్రౌండ్లలో సీట్లు చాలకపోవడం ఒక కారణమే. ఆటగాళ్ల మీద ఎంత ఖర్చు పెట్టవచ్చో ఆదాయమే నిర్ణయించేలా మారిన నిబంధనలు అంతకన్నా పెద్ద కారణం. కొత్త స్టేడియం తెచ్చే అదనపు ఆదాయంలో పెద్ద భాగం మామూలు సీట్ల నుంచి కాక, ఖరీదైన కొద్ది సీట్ల నుంచే వస్తుంది. స్థానిక వైరాల విషయానికొస్తే, స్టేడియం ఎంత పెద్దదన్నదాని కన్నా ఎంత దూరంలో కడుతున్నారన్నదే ఎక్కువ తేడా తెస్తుంది.

2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావోలో యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్ ఫైనల్ జరిగింది. ఆడిన రెండు జట్లూ ఇంగ్లండ్‌వే. ఒకటి టోటెన్‌హామ్: దేశంలోకెల్లా ఖరీదైన క్లబ్ స్టేడియాల్లో ఒకటి కట్టుకుని అప్పటికి ఆరేళ్లయింది. రెండోది మాంచెస్టర్ యునైటెడ్: లక్ష సీట్ల స్టేడియం కడతామని ప్రకటించి అప్పటికి రెండు నెలలు. టోటెన్‌హామ్ 1-0తో గెలిచింది. అదే సీజన్లో ప్రీమియర్ లీగ్ పట్టికలో టోటెన్‌హామ్‌ది 17వ స్థానం, యునైటెడ్‌ది 15వ స్థానం. ఉన్నవి ఇరవై జట్లే.

కొత్త స్టేడియం అంటే పెద్ద జట్టు, పెద్ద జట్టంటే ట్రోఫీలు అన్న లెక్క అంత నేరుగా నడవదని ఆ పట్టిక చూస్తే తెలుస్తుంది. అయినా క్లబ్బులు వందల కోట్ల పౌండ్ల అప్పుకు ఎందుకు సిద్ధపడుతున్నాయి?

టీవీ డబ్బు అందరిదీ, గేటు డబ్బు ఎవరిది వారిదే

ఒక క్లబ్‌కు డబ్బు మూడు దారుల్లో వస్తుంది: టీవీ హక్కులు, స్పాన్సర్లు, మ్యాచ్ రోజు ఆదాయం. టీవీ డబ్బు పెద్దదే, కానీ దాన్ని క్లబ్ సొంతంగా పెంచుకోలేదు. బ్రిటన్‌లో అమ్మిన హక్కుల డబ్బులో సగాన్ని ప్రీమియర్ లీగ్ అన్ని క్లబ్బులకూ సమానంగా పంచుతుంది. పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, మిగతా పావు ఎన్ని మ్యాచ్‌లు టీవీలో చూపించారన్నదాన్ని బట్టి వెళుతుంది. స్పాన్సర్ల డబ్బు గెలుపు ఓటములతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది.

గేటు డబ్బు అలా కాదు. 1983 దాకా ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌ల్లో టికెట్ వసూళ్లలో అతిథి జట్టుకూ వాటా ఉండేది. పెద్ద క్లబ్బుల ఒత్తిడితో ఆ పద్ధతి ఎత్తేశారు. అప్పటి నుంచి సొంత గ్రౌండ్‌లో వచ్చిన డబ్బంతా సొంత క్లబ్‌దే. ఈ చిన్న మార్పును చాలామంది మర్చిపోయారు గానీ, పెద్ద గ్రౌండ్ ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం పెరగడం మొదలైంది అక్కడే.

ఆ తర్వాత ఖర్చు మీద పరిమితులు వచ్చాయి. ప్రీమియర్ లీగ్ నిబంధనల ప్రకారం మూడేళ్లలో క్లబ్ నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు. స్టేడియం, అకాడమీ, మహిళల జట్టు మీద పెట్టే ఖర్చును మాత్రం ఈ లెక్క నుంచి మినహాయించారు. అంటే డబ్బున్న యజమాని ఆటగాళ్ల కోసం ఇష్టం వచ్చినంత గుమ్మరించలేడు, గోడలూ కుర్చీల కోసం గుమ్మరించవచ్చు.

2026-27 సీజన్ నుంచి ఈ పద్ధతి స్థానంలో మరొకటి తేవాలని 2025 నవంబరులో క్లబ్బులు ఓటు వేశాయి. దాని ప్రకారం జట్టు మీద ఖర్చు ఫుట్‌బాల్ ఆదాయంలో 85 శాతానికి లోబడాలి. యూరప్ పోటీల్లో ఆడే క్లబ్బులకు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ పెట్టిన పరిమితి 70 శాతం. ఇక్కడితో బొమ్మ పూర్తవుతుంది. జట్టు మీద ఖర్చు పెరగాలంటే ఆదాయం పెరగాలి, ఆదాయంలో క్లబ్ చేతిలో ఉన్న భాగం గ్రౌండే. జీతాల బడ్జెట్‌కు పునాది వేయడమూ స్టేడియానికి పునాది వేయడమూ ఒకటే పని అయిపోయింది.

15 వేల కొత్త సీట్లు ఎంత తెస్తాయి?

ఇక్కడ ఒక ఊహాలెక్క వేసి చూడాలి. 40 వేల సీట్ల పాత గ్రౌండ్ వదిలి, ఒక క్లబ్ 55 వేల సీట్ల స్టేడియం కట్టిందనుకుందాం. ఖర్చు 60 కోట్ల పౌండ్లు, అంతా అప్పే, వడ్డీ 5 శాతం. ఏడాదికి వడ్డీయే 3 కోట్ల పౌండ్లు.

పెరిగిన 15 వేల సీట్లను ఏడాదికి 25 మ్యాచ్‌లకు, సగటున 40 పౌండ్ల చొప్పున అమ్మితే వచ్చేది 1.5 కోట్ల పౌండ్లు. వడ్డీలో సగం. తీసుకున్న అసలు తీర్చే సంగతి అటుంచితే, వడ్డీ కట్టడానికే చాలదు.

ఇప్పుడు ఆ సీట్లలోనే ఓ 5 వేలను భోజనం, లాంజ్, మెత్తటి కుర్చీ ఉన్న హాస్పిటాలిటీ సీట్లుగా మార్చి, ఒక్కొక్కటి 250 పౌండ్లకు అమ్మితే? 3.1 కోట్ల పౌండ్లకు పైగా వస్తుంది. వడ్డీ మొత్తం ఆ 5 వేల సీట్లే కట్టేస్తాయి.

ఈ అంకెలు ఉదాహరణకే. కానీ కొత్త స్టేడియాల నమూనాలన్నీ ఒకేలా ఎందుకుంటాయో ఈ లెక్క చెబుతుంది. మధ్యలో ఒక వరుస గాజు బాక్సులు, వాటి వెనక రెస్టారెంట్లు, ఏడాది పొడవునా కచేరీలకూ సమావేశాలకూ పనికొచ్చే హాళ్లు. టోటెన్‌హామ్ ఇంకో అడుగు ముందుకేసింది. ఫుట్‌బాల్ గడ్డి కింద అమెరికన్ ఫుట్‌బాల్‌కు మరో మైదానం దాచింది. పై గడ్డి మూడు ముక్కలుగా విడిపోయి ఒక స్టాండ్ కిందికి జరిగిపోతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లకు, పెద్ద పెద్ద సంగీత కచేరీలకు అది వేదికైంది.

పాత అభిమానుల గుబులు కూడా ఈ లెక్కలోంచి పుట్టిందే. తాతల కాలం నుంచి సీజన్ టికెట్ కొంటున్న మనిషి కొత్త స్టేడియానికి అడ్డు కాదు, కానీ దాని అసలు ఖాతాదారు కూడా కాదు. టికెట్ ధరలు, రాయితీలు, జెండాలు పట్టుకుని గోల చేసే స్టాండ్ ఎక్కడ ఉండాలి అన్న గొడవలు ప్రతి ప్రాజెక్టులోనూ రావడానికి కారణం ఇదే. కొన్ని క్లబ్బులు దీన్ని గుర్తించాయి. టోటెన్‌హామ్ ఒక గోల్ వెనక 17,500 మంది పట్టే ఒకే అంతస్తు స్టాండ్ కట్టింది. గోల అంతా ఒకచోట పోగవ్వడానికి.

అప్పు తీరేదాకా ఆగే జట్టు

ఇల్లు కట్టి చూడు అన్న సామెత క్లబ్బులకూ సరిపోతుంది. ఆర్సెనల్ 2006లో 38 వేల సీట్ల హైబరీ వదిలి, కొన్ని వందల మీటర్ల దూరంలో 60 వేల సీట్ల ఎమిరేట్స్ స్టేడియంలోకి మారింది. ఖర్చు సుమారు 39 కోట్ల పౌండ్లు. మ్యాచ్ రోజు ఆదాయం ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపైంది. అయినా 2005 ఎఫ్‌ఏ కప్ తర్వాత మళ్లీ ఒక ట్రోఫీ చేతికి రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యలో ఫాబ్రెగాస్, నాస్రి, వాన్ పెర్సీ లాంటి ఆటగాళ్లు అమ్ముడుపోయారు. హైబరీ స్థలంలో కట్టిన ఫ్లాట్ల అమ్మకంతో కొంత అప్పు తీర్చాలని క్లబ్ అనుకుంది. సరిగ్గా అప్పుడే 2008 ఆర్థిక సంక్షోభం ఇళ్ల ధరలను పడగొట్టింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆర్సెనల్ ఈ ప్రణాళిక వేసిన కాలానికి గేటు డబ్బే రాజు. అది కట్టడం పూర్తయ్యే లోపే చెల్సీ, పూర్తయిన రెండేళ్లకు మాంచెస్టర్ సిటీ అపార సంపన్నుల చేతికి వెళ్లాయి. ఆట నియమాలు మధ్యలో మారిపోయాయి. స్టేడియం అంటే పదేళ్ల తర్వాతి ప్రపంచం మీద ఇవాళ కట్టే పందెం.

టోటెన్‌హామ్ ఖర్చు సుమారు 100 కోట్ల పౌండ్లు. 2019 ఏప్రిల్‌లో తలుపులు తెరిచారు. ఏడాది తిరగకుండానే కోవిడ్ వచ్చి సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. ఆ కష్టకాలంలో క్లబ్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పథకం నుంచి 17.5 కోట్ల పౌండ్ల రుణం తీసుకుంది.

అన్నిటికన్నా గట్టి దెబ్బ తిన్నది ఎవర్టన్. లివర్‌పూల్ నగరంలోని బ్రామ్లీ-మూర్ డాక్ అనే పాత రేవును సముద్రపు ఇసుకతో పూడ్చి స్టేడియం కట్టడం 2021లో మొదలైంది. మరుసటి ఏడాది రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేయడంతో, క్లబ్‌కు పెద్ద ఆసరాగా ఉన్న రష్యా కుబేరుడు అలీషెర్ ఉస్మానోవ్ కంపెనీల స్పాన్సర్‌షిప్ ఆగిపోయింది. ఖర్చు ఆగలేదు. 2023 నవంబరులో నష్టాల పరిమితి దాటినందుకు లీగ్ 10 పాయింట్లు కోసింది. అప్పీలులో అది 6 అయింది, తర్వాత ఇంకో కేసులో మరో 2 పోయాయి. స్టేడియం అప్పుల వడ్డీని ఏ ఖాతాలో చూపాలన్నది ఆ వాదనల్లో ఒక ముఖ్యమైన ముడి. కట్టడం ఖర్చుకు మినహాయింపు ఉన్నా, ఏది కట్టడం ఖర్చు, ఏది మామూలు అప్పు అన్న గీత అంత స్పష్టంగా ఉండదు మరి. చివరికి 2024 డిసెంబరులో అమెరికాకు చెందిన ఫ్రీడ్‌కిన్ గ్రూప్ క్లబ్‌ను కొనుక్కుంది. 2025 ఆగస్టులో కొత్త స్టేడియంలో తొలి లీగ్ మ్యాచ్ జరిగింది. ఒక న్యాయసేవల సంస్థ పేరు మీద దాన్ని ఇప్పుడు హిల్ డికిన్సన్ స్టేడియం అంటున్నారు.

గ్రౌండ్ గొడవల్లోనే పుట్టిన వైరాలు

స్టేడియం ప్లాన్ల వల్ల స్థానిక వైరాలు పెరుగుతున్నాయని చాలామంది రాస్తుంటారు. చరిత్ర చూస్తే కథ తిరగబడుతుంది. ఇంగ్లండ్‌లో రెండు అతిపెద్ద నగర వైరాలు పుట్టిందే గ్రౌండ్ మార్పుల నుంచి.

లివర్‌పూల్ క్లబ్ ఆడే ఆన్‌ఫీల్డ్ ఒకప్పుడు ఎవర్టన్‌ది. 1884 నుంచి ఎనిమిదేళ్లు అక్కడే ఆడింది. అద్దె గురించీ, క్లబ్‌ను ఎలా నడపాలన్న దాని గురించీ గ్రౌండ్ యజమాని జాన్ హోల్డింగ్‌తో తగాదా వచ్చి 1892లో ఎవర్టన్ సామాను సర్దుకుని స్టాన్లీ పార్కు అవతల గూడిసన్ పార్కుకు మారింది. చేతిలో గ్రౌండ్ ఉండి జట్టు లేని హోల్డింగ్ కొత్త జట్టు పెట్టాడు. అదే లివర్‌పూల్. అంటే ఎవర్టన్ ఖాళీ చేసిన ఇంట్లో పుట్టిన క్లబ్ అది.

లండన్ ఉత్తరాన ఇంకో కథ. ఆర్సెనల్ పుట్టింది థేమ్స్ నదికి దక్షిణాన, వూల్విచ్‌లో. అక్కడ జనం రాక, డబ్బులేక, 1913లో నది దాటి హైబరీకి వచ్చింది. తమ ఇలాకాలోకి ఇంకొకరు వస్తున్నారని టోటెన్‌హామ్ గట్టిగా అభ్యంతరం చెప్పింది, ఎవరూ వినలేదు. 1919లో మొదటి డివిజన్‌ను 22 జట్లకు పెంచినప్పుడు ఆ ఖాళీ కోసం ఓటింగ్ జరిగింది. చివరి స్థానంలో ఉన్న టోటెన్‌హామ్‌ను దించేసి, రెండో డివిజన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో కూడా లేని ఆర్సెనల్‌ను పైకి తెచ్చారు. ఓట్లు 18, 8. వందేళ్లు దాటినా టోటెన్‌హామ్ అభిమానుల నోట ఆ ఓటింగ్ మాట వస్తూనే ఉంటుంది.

ఒక మైలు, నాలుగు మైళ్లు, యాభై మైళ్లు

స్టేడియం ప్లాన్ బయటికి రాగానే పేపర్లు సీట్ల సంఖ్య అచ్చేస్తాయి. అభిమానులు ముందుగా చూసేది మ్యాప్.

ఆర్సెనల్ అదే పేటలో ఉండిపోయింది, మారినప్పుడు పెద్ద తిరుగుబాటేమీ రాలేదు. ఎవర్టన్ మాత్రం రేవుకు చేరేలోపు రెండుసార్లు విఫలమైంది. మొదటిది కింగ్స్ డాక్ ప్రతిపాదన, డబ్బు కుదరక 2003లో ఆగింది. రెండోది కిర్క్‌బీ. టెస్కో సూపర్‌మార్కెట్ సంస్థతో కలిసి వేసిన ఆ ప్లాన్ స్థలం గూడిసన్‌కు ఎంతో దూరమేమీ కాదు, నాలుగైదు మైళ్లే. కానీ లివర్‌పూల్ నగర సరిహద్దుకు అవతల, వేరే బరో (స్థానిక పాలక ప్రాంతం) పరిధిలో ఉంది. 2007లో అభిమానుల ఓటింగ్‌లో ఎక్కువమంది సరేనన్నారు. అయినా 'కీప్ ఎవర్టన్ ఇన్ అవర్ సిటీ' పేరుతో ఒక వర్గం చివరిదాకా పోరాడింది. నగరంలో పాత క్లబ్ తమదే అన్నది ఎవర్టన్ అభిమానుల గర్వం. సరిహద్దు దాటితే నగరం పేరు మీద మిగిలే పెద్ద క్లబ్ లివర్‌పూల్ ఒక్కటే. ఆ నాలుగు మైళ్ల బరువు అంత. 2009లో ప్రభుత్వం ఆ ప్రతిపాదనను తిరస్కరించింది.

రేవు దగ్గర కట్టినదానికి వేరే మూల్యం పడింది. నదీతీరంలో కొత్త కట్టడాల వల్ల చారిత్రక విలువ దెబ్బతిందంటూ, ఈ స్టేడియాన్ని కూడా ప్రస్తావించి, 2021 జులైలో యునెస్కో లివర్‌పూల్‌ను ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. అభిమానుల్లో దాని గురించి పెద్దగా బాధ కనిపించలేదు. పాత గూడిసన్ కూలిపోకుండా మహిళల జట్టుకు సొంత గ్రౌండ్‌గా మిగలడం మాత్రం వాళ్లకు ఊరటనిచ్చింది.

వెస్ట్ హామ్ కథ దూరం ఒక్కదానిది కాదు. 1904 నుంచి ఆడిన బోలిన్ గ్రౌండ్ వదిలి 2016లో ఒలింపిక్ స్టేడియంలో 99 ఏళ్ల లీజుకు దిగింది. అద్దె మొదట్లో ఏడాదికి 25 లక్షల పౌండ్లు. డబ్బు లెక్కలో ఇంతకన్నా మంచి బేరం ఇంకో క్లబ్‌కు దొరకలేదు, నిర్వహణ భారం చాలావరకు ప్రజాధనం మీద పడింది. కానీ అది పరుగుపందేల కోసం కట్టిన చోటు. సీట్లు మైదానానికి దూరంగా ఉంటాయి. 2018 మార్చిలో బర్న్‌లీతో మ్యాచ్‌లో అభిమానులు మైదానంలోకి దూసుకొచ్చి నిరసన తెలిపారు. అదే స్టేడియం కోసం టోటెన్‌హామ్ కూడా పోటీపడింది. గెలిచి ఉంటే ఉత్తర లండన్ క్లబ్ తూర్పు లండన్‌కు వెళ్లిపోయేది. ఆ ఆలోచనను ముందుగా ఎదిరించింది టోటెన్‌హామ్ అభిమానులే. సమీపంలోని చిన్న క్లబ్ లేటన్ ఓరియెంట్, పక్కనే ఇంత పెద్ద క్లబ్ చౌక టికెట్లతో వస్తే తన గతేంటని మొత్తుకుంది. ఇలాంటి వైరం పాటల్లోకి ఎక్కదు గానీ, బతుకుతెరువు పోయేది ఇక్కడే.

ఇక యాభై మైళ్లు దాటితే స్థానిక వైరం కూడా మిగలదు. దక్షిణ లండన్‌లోని వింబుల్డన్ క్లబ్ మిల్టన్ కీన్స్‌కు మారడానికి 2002లో అనుమతి వచ్చింది. పాత అభిమానులు అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే కొత్త క్లబ్ పెట్టి అట్టడుగు స్థాయి నుంచి మొదలుపెట్టారు. 2020 నవంబరులో ప్లౌ లేన్‌లో, పాత గ్రౌండ్‌కు కూతవేటు దూరంలో కొత్త స్టేడియంలోకి వచ్చారు. అది చిన్నదే, పెద్ద క్లబ్బుల కార్ల పార్కింగ్‌లో పట్టేంత. కానీ కట్టింది అభిమానులే యజమానులుగా ఉన్న క్లబ్.

నువ్వు 60 వేలు కడితే నేను 62 వేలు

పక్క క్లబ్ కన్నా పెద్దది కట్టాలన్న పంతం ఎంత పనిచేస్తుంది? కొంత పనిచేస్తుంది. టోటెన్‌హామ్ తొలి ప్లాన్ 56,250 సీట్లు. కట్టే సమయానికి 61 వేలైంది, చివరికి 62,850 దగ్గర ఆగింది. ఆర్సెనల్‌ది 60,704. ఆదాయం లెక్కలో రెండు వేల సీట్ల తేడా పెద్దది కాదు. సోమవారం ఉదయం ఆఫీసులో వాదనకు మాత్రం చాలు.

బర్మింగ్‌హామ్‌లో ఈ ఆట ఇప్పుడే మొదలైంది. బర్మింగ్‌హామ్ సిటీ 2025లో మూడో స్థాయి నుంచి 111 పాయింట్లతో పైకొచ్చిన జట్టు. అదే ఏడాది 62 వేల సీట్ల స్టేడియం నమూనా చూపించింది, చుట్టూ ఇటుక బట్టీల పొగగొట్టాల్లాంటి పన్నెండు స్తంభాలతో. నగరంలో పెద్ద క్లబ్ ఆస్టన్ విల్లా. వాళ్ల గ్రౌండ్ సుమారు 43 వేలు, 2028 యూరో కప్ కోసం 50 వేలు దాటించే పనిలో ఉన్నారు. ఇవి రెండూ కాగితం మీది అంకెలే అయినా, స్థలం, అనుమతులు, రవాణా మీద నగర పాలకులతో బేరాలాడేటప్పుడు ఆ అంకెలకు బలం ఉంటుంది.

ఒకే ఒరలో రెండు కత్తులు

ఇద్దరూ కలిసి ఒకటే కట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. లివర్‌పూల్ నగరంలోనూ ఏళ్ల తరబడి వచ్చింది, రెండు వైపులా అభిమానులు తోసిపుచ్చారు. ఇటలీలో మాత్రం ఇది మామూలే. మిలాన్, ఇంటర్ 1947 నుంచి సాన్ సీరో స్టేడియాన్ని పంచుకుంటున్నాయి. 2025లో ఆ స్థలాన్ని నగరపాలక సంస్థ దగ్గర రెండూ కలిసే కొన్నాయి, కొత్తదీ కలిసే కడతాయి. అక్కడ స్టేడియం 1935 నుంచి ఆ అమ్మకం దాకా నగరానిది, రెండు క్లబ్బులూ అద్దెకున్నవే. ఇంగ్లండ్‌లో చాలావరకు గ్రౌండ్ క్లబ్ సొంత ఆస్తి. తేడా అక్కడుంది.

జర్మనీలోని మ్యూనిక్‌లో కలిసి కట్టడం ఒకరి పాలిట శాపమైంది. బేయర్న్, 1860 మ్యూనిక్ చెరి సగం పెట్టుబడితో అలియాంజ్ అరేనా కట్టి 2005లో తెరిచాయి. బేయర్న్ ఆడితే గోడలు ఎర్రగా, 1860 ఆడితే నీలంగా వెలిగేవి. అప్పటికే రెండో డివిజన్‌కు జారిన 1860కి తన సగం భారమైంది. 2006లో ఆ వాటాను బేయర్న్‌కే 1.1 కోట్ల యూరోలకు అమ్మేసింది. పదేళ్లకు పైగా అద్దెకుండి, 2017లో పాత గ్రున్‌వాల్డర్ స్టేడియానికి తిరిగి వెళ్లిపోయింది.

ఓల్డ్ ట్రాఫర్డ్ పక్కన

ఇప్పుడు అందరి కళ్లూ మాంచెస్టర్ మీదున్నాయి. యునైటెడ్ 1910 నుంచి ఆడుతున్న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 74 వేలకు పైగా సీట్లున్నాయి. లక్ష సీట్ల కొత్తదానికి అంచనా సుమారు 200 కోట్ల పౌండ్లు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మొదటి ప్రశ్న, ఎందుకంటే క్లబ్ మీద ఇప్పటికే పెద్ద అప్పుంది. పక్కనున్న సరుకు రైళ్ల టెర్మినల్ స్థలం ఏమవుతుందన్నది రెండోది. మూడోది ఖరీదైన సీట్ల వాటా. స్టేడియం డబ్బు ప్రైవేటుదే కావాలి, చుట్టుపక్కల రోడ్లు, రైళ్లు, ఇళ్లు మాత్రం ప్రభుత్వ సాయంతో రావాలి అన్నది ప్రస్తుత వాదన. వెస్ట్ హామ్ లీజు చూసిన వాళ్లు ఆ గీత ఎక్కడ గీస్తారో జాగ్రత్తగా గమనిస్తున్నారు. పొరుగు క్లబ్ మాంచెస్టర్ సిటీ అభిమానులకైతే ఇది ఆటపట్టించే ముడిసరుకు. వాళ్ల స్టేడియం 2002 కామన్వెల్త్ క్రీడల కోసం ప్రజాధనంతో కట్టినదని యునైటెడ్ వాళ్లు ఇరవై ఏళ్లుగా అంటూనే ఉన్నారు కదా.

యునైటెడ్ ఈ ప్రకటన చేసింది 2025 మార్చి 11న. సరిగ్గా 84 ఏళ్ల ముందు, 1941 మార్చి 11న, జర్మన్ బాంబులు ఓల్డ్ ట్రాఫర్డ్‌ను చాలావరకు ధ్వంసం చేశాయి. 1949 దాకా యునైటెడ్ సొంత మ్యాచ్‌లు ఆడింది సిటీ వాళ్ల మెయిన్ రోడ్ గ్రౌండ్‌లో, వాళ్లకు అద్దె కట్టి. కొత్త స్టేడియాన్ని పాతదాని పక్క స్థలంలోనే కడతారు కాబట్టి, పని పూర్తయ్యేదాకా జట్టు ఉన్నచోటే ఆడుకోవచ్చు. ఈసారి సిటీ తలుపు తట్టాల్సిన పని లేదు.